లోలకమును పరీక్షించిన షెవ్రెల్ పండితుడు

పాత పెట్టెలలో దాచుకొన్న వస్తువులలో కొన్నింటికి వెలకంటె జ్ఞాపకమే ఎక్కువ. గొలుసుతో కూడిన జేబు గడియారము, నూలు దారము చుట్టిన ఉంగరము, కొస సూదివలె సన్నగా తేల్చిన ఇత్తడి గుండు మొదలగునవి అట్టివి. వీనిని వ్రేళ్ల మధ్య పట్టి వ్రేలాడదీసి, మనసులోని సందేహమును అడిగి, అది ఊగిన తీరును బట్టి సమాధానము గ్రహించు అలవాటు లోకములో మిక్కిలి పాతది. పుట్టబోవు బిడ్డ ఆడయో మగయో, పోయిన వస్తువు ఏ దిక్కున నున్నదో, దూరదేశమునకు పోయినవాడు క్షేమముగా తిరిగి వచ్చునో లేదో, ఇట్టి ప్రశ్నలకు ఎన్నో దేశముల అవ్వలు దారమునకు కట్టిన ఉంగరమునే అడిగెడివారు. అవ్వలు గతించినను ఉంగరములు మిగిలి యున్నవి. పాత లోలకములను వెదకి కొనువారిలో భవిష్యత్తును నమ్మువారి వలెనే గతమును ప్రేమించువారును కలరు. సూరతునకు ఉత్తరమున నున్న ఖంభాతు పట్టణము అకీకు రాళ్లను చెక్కి మెరుగు పెట్టు పనికి శతాబ్దములుగా ప్రసిద్ధి గాంచినది. అచ్చటి పనివారి చేతులలో పూసలతోపాటు ఈ లోలకములు కూడ తయారై విదేశములకు పోవుచున్నవి.

తెలుగుదేశమున దారమునకు కట్టిన ఉంగరముకంటె అరచేతిలోని టెంకాయయే ఈ విషయమున ఎక్కువ పరిచితము. రాయలసీమలోను, తెలంగాణములోను బావి త్రవ్వుటకు ముందు, నీరు చూపువానిని పిలిపించుట ఆచారము. అతడు టెంకాయను అరచేతిలో పండుకొనబెట్టి చేనంతయు నడచును. అది నిక్కబొడుచుకొని లేచిన చోట నీరున్నదని చెప్పును. కొందరు పంగలకఱ్ఱగా చీలిన వేపకొమ్మను రెండు చేతుల పట్టి నడుతురు. బృహత్సంహితలో వరాహమిహిరుడు భూగర్భజలమును గూర్చి ఒక అధ్యాయమునే వ్రాసెను. కాని ఆయన చెప్పినవి చెట్లు, పుట్టలు, మన్ను, రాయి మొదలగు కంటికి కనబడు గురుతులు. చేతిలోని వస్తువు కదలికపై ఆధారపడు పద్ధతి వేరు. ఆ కదలికను నమ్మి అప్పు తెచ్చి బోరు వేయించి, నీరు పడక, మరల అప్పు తెచ్చి మరియొకటి వేయించిన రైతుల కథలు అనంతపురము మొదలుకొని మహబూబ్‌నగరము వరకు ప్రతి పల్లెలోను వినవచ్చును. కావున ఆ వస్తువును కదలించుచున్నది ఎవరు అను ప్రశ్న వినోదమునకు వేసికొనునది కాదు.

ప్రాచీన కాలమున ఇంతకంటె ఘోరములు కూడ జరిగినవి. క్రీ.శ. 371 ప్రాంతమున రోమక సామ్రాజ్యములోని ఆంటియోక్ నగరమున కొందరు, అక్షరములు చెక్కిన పళ్లెముపై ఉంగరమును దారముతో వ్రేలాడదీసి, చక్రవర్తి వాలెన్సు తరువాత రాజ్యమునకు వచ్చువాడెవడని అడిగిరి. ఉంగరము ఒక పేరులోని మొదటి అక్షరములను చూపెను. ఆ అక్షరములు థియొడోరుస్ అను ఉద్యోగి పేరునకు సరిపోవుటచే ఆతడును, ప్రశ్న అడిగినవారును, మరి యెందరో మరణదండనకు గురియైరి. ఈ వృత్తాంతమును అమ్మియానుస్ అను చరిత్రకారుడు వ్రాసి యుంచెను. ఉంగరము నిజము చెప్పినదని నమ్మినవారును, దానికి భయపడిన ప్రభువును ఉండిరి కాని, దానిని పరీక్షించిన వాడొకడును లేకపోయెను. అట్టి పరీక్ష శాస్త్రీయముగా జరుగుటకు పదునాలుగు శతాబ్దములకు పైగా పట్టినది. దానిని జరిపినవాడు మిషెల్ యూజీన్ షెవ్రెల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త.

ఈ పేరు తెలుగు ఇండ్లలో తెలియనిదే అయినను, ఆయన చేసిన పని సూరతు ప్రాంతపు తెలుగువారి జీవనమునకు మిక్కిలి దగ్గరిది. పల్సానా తాలూకాలోను దాని చుట్టుపట్లను బట్టలకు రంగులద్దు కార్ఖానాలు అనేకము కలవు. తెలంగాణము నుండి వచ్చి సూరతులో మగ్గముల మీదను, మిల్లులలోను జీవించుచున్న పద్మశాలి కుటుంబములకు రంగు నిలుచుట, వెలియుట, ఒక రంగు ప్రక్కన మరియొక రంగు పొసగుట అనునవి నిత్యము చర్చకు వచ్చు విషయములు. షెవ్రెల్ జీవితములో అధికభాగము ఈ రంగుల విచారణలోనే గడచెను. ఆయన లోలకమును గూర్చి కనుగొన్న సత్యమును, రంగును గూర్చి కనుగొన్న సత్యమును ఒకే బుద్ధి నుండి పుట్టినవి.

షెవ్రెల్ 1786వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఫ్రాన్సు దేశమున ఆంజే నగరమున జన్మించెను. తండ్రి పేరుగల వైద్యుడు. తల్లిదండ్రు లిరువురును తొంబది యేండ్లు దాటి జీవించినవారే. బాలునికి మూడవ యేట ఫ్రెంచి విప్లవము ప్రారంభమాయెను. ఆంజే పట్టణము ఆ కల్లోలములో మిక్కిలి బాధపడినది. వీధులలో జరిగిన శిరచ్ఛేదములను చిన్నతనముననే ఆయన కన్నులార చూచెనని జీవితచరిత్రకారులు చెప్పుదురు. జనసమూహము ఒక నమ్మకమునకు లోబడినప్పుడు ఏమగునో ఆయనకు పుస్తకముల వలన తెలియవలసిన పని లేకపోయెను.

పదునేడవ యేట, 1803లో, ఆయన పారిస్ చేరి వోక్లాన్ అను సుప్రసిద్ధ రసాయనశాస్త్రవేత్తకు శిష్యుడాయెను. ప్రయోగశాలలో ఊడ్చుట, తుడుచుట మొదలుకొని కఠినమైన విశ్లేషణముల వరకు గురువు చెప్పిన పని చేయుచు క్రమముగా పైకి వచ్చెను. 1811 ప్రాంతమున ఒక సబ్బుముక్కను పరిశీలింపవలసిన అవసరము కలిగెను. కొవ్వును క్షారముతో కాచినచో సబ్బగునని వేల యేండ్లుగా లోకమునకు తెలియును. అది ఏల అగునో ఎవరికిని తెలియదు. షెవ్రెల్ పండ్రెండేండ్లు ఆ పని మీదనే యుండి, కొవ్వనునది కొన్ని ఆమ్లములును, తియ్యని చిక్కని ద్రవమొకటియు కలిసి ఏర్పడినదని నిరూపించెను. ఆ ద్రవమును అంతకుముందే షీలే అను శాస్త్రజ్ఞుడు కనుగొని యుండెను. దానికి గ్లిసరిన్ అని పేరు పెట్టినవాడు షెవ్రెల్. నేటి వైద్యుల రక్తపరీక్షా పత్రములలో అందరును భయముతో వెదకు కొలెస్టెరాల్ అను మాటకు మూలమైన పేరు కూడ ఆయన పెట్టినదే. మధుమేహరోగుల మూత్రములో కనబడు చక్కెర ద్రాక్షపండ్లలోని చక్కెరయే యని 1815లో తేల్చినవాడును ఆయనయే. ఈ పరిశోధనల సారమంతయు 1823లో గ్రంథరూపమున వెలువడెను. 1825లో గేలూసాక్ పండితునితో కలిసి, కొవ్వు నుండి తీసిన ఆమ్లములతో క్రొవ్వొత్తులను చేయు విధానమునకు హక్కుపత్రము పొందెను. ఆ వ్యాపారము వారికి కలిసిరాలేదు. కొలది యేండ్లకు ఇతరులు దానిని చక్కపరచి ఇంటింటికిని చేర్చిరి. పొగయు దుర్గంధమును చిమ్మెడి పశువుల కొవ్వు దీపముల స్థానమున తెల్లని నిర్మలమైన వెలుగు వచ్చెను.

ఈ సబ్బు పరిశోధన నడుచుచున్న కాలముననే లోలకపు ప్రస్తావన వచ్చెను. స్ట్రాస్‌బర్గులో ఆచార్యుడుగా నుండిన జెర్బ్వాన్ అను వైద్యుడు 1808లో లోలకము మీద ఒక పెద్ద గ్రంథము ప్రకటించి యుండెను. చేతిలో వ్రేలాడు గుండు కొన్ని పదార్థముల మీద తనంతట తానే ఊగునని, అందొక నిగూఢశక్తి యున్నదని ఆనాటి పండితులు కొందరు నమ్మిరి. 1812లో ఇరువదియారేండ్ల షెవ్రెల్ దానిని స్వయముగా పరీక్షింప బూనెను. జనపనార దారమునకు ఇనుప ఉంగరము కట్టి పాదరసపు గిన్నెపై పట్టెను. ఉంగరము ఊగసాగెను. ఉంగరమునకును పాదరసమునకును నడుమ గాజుపలకను పెట్టించెను. ఊపు క్రమముగా తగ్గి నిలిచిపోయెను. పలకను తీసినంతనే మరల ఊగెను. ఇంతవరకు చూచిన వాడెవడైనను పాదరసము నుండి ఏదో శక్తి వెలువడుచున్నదనియు, గాజు దానిని ఆపుచున్నదనియు నిశ్చయించి ఇంటికి పోయియుండును. చాలమంది చేసినదియు అదియే.

షెవ్రెల్ అచ్చట ఆగలేదు. ఆయనకు అనుమానము పాదరసము మీద కాక తన చేతి మీద కలిగెను. ఒక కఱ్ఱదిమ్మను తెచ్చి భుజము క్రింద ఆనుకొనెను, ఉంగరము ఊగెను. దిమ్మను మోచేతి వైపునకును, అటనుండి మణికట్టు వైపునకును జరుపుచు వచ్చెను. దిమ్మ వ్రేళ్లకు సమీపించినకొలది ఊపు సన్నగిల్లెను. దారము పట్టిన వ్రేళ్లే దిమ్మపై గట్టిగా ఆనినప్పుడు ఉంగరము కదలనే లేదు. పాదరసము అచ్చటనే యున్నది, ఉంగరము అదే, దారము అదే. మారినది చేతికి గల స్వేచ్ఛ మాత్రమే. తరువాత తన కన్నులకు గంతలు కట్టించుకొని, గాజుపలకను తనకు తెలియకుండ పెట్టుటకును తీయుటకును మరియొకరిని నియమించెను. పలక పెట్టినను తీసినను లోలకపు కదలికలో మార్పు రాలేదు. కన్ను చూడనిచో చేతికి ఏమి చేయవలెనో తెలియలేదు. ఈ సంగతి గ్రహించిన పిమ్మట కన్నులు తెరచి ప్రయత్నించినను, మునుపటి వింత ఆయన చేతిలో మరల జరుగలేదు.

దీని భావము సులభముగా తెలియదగినదే. లోలకము ఊగునని మనసు భావించినప్పుడు, చేతి కండరములు ఆ భావమునకు తగినట్లు కంటికి కనబడనంత స్వల్పముగా కదలును. ఉయ్యాలను చిటికెన వ్రేలితో సరియైన సమయమున తాకుచు పోయిన అది ఎంత ఎత్తునకు లేచునో, ఆ స్వల్పచలనములు కూడి లోలకమును అట్లే ఊపును. ఊపు చూచినకొలది మనసునకు నమ్మకము హెచ్చును. నమ్మకము హెచ్చినకొలది చేయి మరింత కదలును. ఇందు మోసము లేదు. బిడ్డకు గోరుముద్ద పెట్టు తల్లి, బిడ్డ నోరు తెరవవలెనని కోరుచు తానే నోరు తెరచును. బండి నడుపువాని ప్రక్కన కూర్చున్నవాడు, ఎదుట అడ్డము రాగానే తన కాలిని నేలకు అదిమి పట్టును. వారికి ఆ సంగతి తెలియదు. లోలకము పట్టినవాని చేయియు అట్టిదే.

విశేషమేమనగా, ఇంతటి విషయమును కనుగొనియు షెవ్రెల్ దానిని వెంటనే ప్రకటింపలేదు. ఇరువదియొక సంవత్సరములు గడచిన పిమ్మట, 1833లో, విద్యుచ్ఛాస్త్రమునకు ప్రసిద్ధుడైన తన మిత్రుడు ఆంపియర్ పేర వ్రాసిన లేఖగా దానిని ఒక పత్రికలో ప్రచురించెను. తరువాత 1852లో ఇంగ్లండున కార్పెంటర్ అను వైద్యుడు ఇట్టి భావప్రేరిత చలనములకు ఒక శాస్త్రనామమును కల్పించెను. 1853లో ఐరోపా అంతటను బల్లలు తిరుగు వింత వ్యాపించినది. జనులు బల్ల చుట్టును కూర్చుండి చేతులు దానిపై నుంచగా అది తిరుగును. దానిని ప్రేతాత్మలు త్రిప్పుచున్నవని పెద్దపెద్ద కుటుంబముల వారు సైతము నమ్మిరి. ఫారడే మహాశయుడు చేతుల క్రింద జారు అట్టముక్కలు అమర్చి, బల్లకంటె ముందు చేతులే కదలుచున్నవని చూపెను. ఆ సందర్భముననే ఫ్రెంచి శాస్త్రపరిషత్తు షెవ్రెల్ మొదలగువారిని పంగలకఱ్ఱ విషయమును విచారింపుడని నియమించెను. ఆయన 1854లో పంగలకఱ్ఱ, లోలకము, తిరుగు బల్లలు ఈ మూడింటిని గూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను. 1692లో లియోన్ నగరమున జరిగిన హత్యలో జాక్ ఎమార్ అను రైతు పంగలకఱ్ఱ పట్టి చూపిన త్రోవను బట్టి ఒక గూనివాడు పట్టుబడి, చక్రముపై చంపబడుటయు, మరుసటి యేట పారిస్‌లో ఆ ఎమారే పరీక్షలకు నిలువలేకపోవుటయు అందు చర్చింపబడినవి. షెవ్రెల్ ఎవరిని గూర్చియు వంచకులని తొందరపడి అనలేదు. కఱ్ఱ పట్టినవాడు తన్ను తాను ముందు మోసగించుకొని, ఆ పిమ్మటనే ఇతరులను త్రోవ తప్పించునని ఆయన అభిప్రాయము.

ఇంతలో ఆయన జీవనోపాధి మరియొక త్రోవన నడచెను. 1824లో రాజప్రభుత్వము ఆయనను పారిస్‌లోని గోబెలిన్ చిత్రనేత కర్మాగారమున రంగుల శాఖకు అధిపతిగా నియమించెను. అచ్చట ఉన్నిదారమునకు రంగులద్ది గోడలపై వ్రేలాడదీయు చిత్రవస్త్రములను నేయుదురు. పనిలో చేరిన కొలదికాలమునకే నేతవారు ఒక ఫిర్యాదు తెచ్చిరి. నీలపు, ఊదా రంగుల వస్త్రములలో నీడలకు వాడు నల్లదారము వెలవెలబోవుచున్నదని, అద్దకపువారు నలుపును సరిగా అద్దలేదని వారి ఆరోపణ. అద్దకపువారి జీవనమునకును గౌరవమునకును సంబంధించిన మాట యిది. షెవ్రెల్ ప్రసిద్ధమైన ఇతర కార్ఖానాల నల్లదారములను తెప్పించి, తమ దారముతో ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. గోబెలిన్ నలుపు దేనికిని తీసిపోలేదు. మరి లోపమెక్కడ? నీలము ప్రక్కన నుంచినప్పుడు మాత్రమే ఆ నలుపు వెలిసినట్లు కనబడుచున్నది. లోపము దారములోను లేదు, అద్దకములోను లేదు. రెండు రంగులను ఒక్కసారి చూచు కంటిలో నున్నది. నీలమును చూచిన కన్ను దానికి ఎదురైన నారింజ ఛాయను ప్రక్కనున్న నలుపునకు తానే పులుముచున్నది.

ఈ సూక్ష్మమును పట్టుకొని ఆయన పదునైదేండ్లు శ్రమించి 1839లో రంగుల పరస్పర వైరుధ్యమును గూర్చి మహాగ్రంథము వెలువరించెను. ఏ రంగు అయినను తన ప్రక్కనున్న రంగును తనకు ఎదురైన ఛాయ వైపునకు త్రోయును. ఆకుపచ్చ చీరకు ఎఱ్ఱ అంచు వేసినచో రెండును వెలుగుటయు, ఒకే పసుపుదారము రెండు వేరువేరు చీరలలో రెండు రంగులుగా కనబడుటయు నేతవారికి అనుభవములో నున్న సంగతులే. వానికి నియమమును కట్టినవాడు షెవ్రెల్. రంగులన్నింటిని 72 భాగముల చక్రముగా అమర్చి, అద్దకపువాడు తనకు కావలసిన ఛాయను పేరుతో కాక స్థానముతో చెప్పుటకు వీలు కల్పించెను. సెరా, సిన్యాక్ మొదలగు చిత్రకారులు ఆయన సూత్రములను ఆధారము చేసికొని క్రొత్త చిత్రలేఖన మార్గమును త్రొక్కిరి.

1812 నాటి పాదరసపు గిన్నెయు, 1824 నాటి నల్లదారమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో షెవ్రెల్ బుద్ధిరీతి స్పష్టమగును. వస్తువులో వింత కనబడినప్పుడు, దోషము కనబడినప్పుడు, ఆయన ముందుగా చూచువానిని పరీక్షించెను. ఒకచోట చేయి, మరియొకచోట కన్ను. మొదటి విచారణ వలన వ్యర్థమైన నమ్మకమొకటి తొలగెను. రెండవదాని వలన తప్పు చేయని పనివారు నింద నుండి బయటపడిరి.

ఆయన తరువాతి జీవితము గౌరవములతో నిండినది. 1826లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తు సభ్యుడాయెను. 1830లో గురువు వోక్లాన్ అలంకరించిన ఆచార్యపీఠమును పొందెను. 1857లో లండను రాజశాస్త్రసంఘము కోప్లీ పతకము నిచ్చెను. పారిస్‌లోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు అధ్యక్షుడుగా 1879 వరకు పనిచేసెను. 1862లో భార్య మరణించిన పిమ్మట ఆయన దినములు ప్రయోగశాలలోనే గడచెను. 1870-71లో జర్మను సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు ఆయన వయస్సు ఎనుబదినాలుగు. ఫిరంగిగుండ్లు ప్రదర్శనశాల తోటలోని గాజుఇండ్లపై పడినను ఆయన స్థానము విడువక, ఆ దుండగమును పరిషత్తులో ఖండించెను. ఇంత పెద్దరికము వచ్చినను తాను ఫ్రాన్సు విద్యార్థులందరిలో పెద్ద విద్యార్థినని చెప్పుకొనుట ఆయనకు ఇష్టము.

1886లో నూరేండ్లు నిండిన సందర్భమున దేశమంతయు ఉత్సవము చేసెను. నదార్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆయనతో సంభాషించుచుండగా, నదార్ కుమారుడు వరుసగా ఛాయాచిత్రములు తీసెను. ఒక వ్యక్తి మాటాడుచుండగా చిత్రములు తీసి ఆ మాటలతో పత్రికలో ప్రచురించుటకు అదియే మొదటి ఉదాహరణమని చెప్పుదురు. రాజుల కాలమున పుట్టిన ఆ వృద్ధుడు 1889 ఏప్రిల్ 9వ తేదీన, నూటరెండేండ్ల వయస్సున, ఈఫెల్ గోపురము ప్రారంభమైన తొమ్మిది దినములకు కన్నుమూసెను. ఏకైక కుమారుడు అంతకు కొలది దినముల ముందే మరణించెను. ఆ గోపురముపై చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల పేర్లలో ఆయన పేరును కలదు.

షెవ్రెల్ మరణించినను లోలకము నిలువలేదు. ఇరువదవ శతాబ్దమున ఐరోపాలో మెర్మే మొదలగు మతగురువులు దానితో నీరు, గనులు, రోగములు చూచు విద్యకు మరల ప్రచారము తెచ్చిరి. 1990లో జర్మనీలోని కాసెల్ నగరమున, పాతిపెట్టిన గొట్టములో నీరు పారుచున్నదో లేదో చెప్పుడని నీరు చూపువారిని అడుగగా, వారి సమాధానములు కాకతాళీయముకంటె మేలుగా నుండలేదు. పరీక్షకు ముందు వారందరును తమ విద్యను మనసార నమ్మినవారే. షెవ్రెల్ చెప్పినదియు అదియే.

కాబట్టి అవ్వ దాచిన ఉంగరమును పారవేయ నక్కరలేదు. అది ఊగినప్పుడు ఊగినది అవ్వ ఆశ, అవ్వ భయము, మనుమల మీది ఆమె మమకారము. ఆ చేతి వణుకును జ్ఞాపకము చేసికొనుటకు అంతకంటె తగిన వస్తువు లేదు. బావి త్రవ్వవలసినప్పుడు, వైద్యుని చూడవలసినప్పుడు, ఇతరుని దోషిగా నిర్ణయింపవలసినప్పుడు మాత్రము దానిని పెట్టెలోనే యుంచి, షెవ్రెల్ పండితుని కఱ్ఱదిమ్మను, ఆయన కట్టుకొన్న కంటిగంతను స్మరించుట మంచిది.